ఒకే అంశం, ఒకే బ్రష్: ‘పని చేసే చేతులు’ సిరీస్ డైరీ

జూన్, మొదటి వారం

కొత్త సిరీస్ మొదలుపెట్టాను, పేరు ‘పని చేసే చేతులు’. సూదిలోకి దారం ఎక్కించే చేతులు, తాడు ముడి వేసే చేతులు, పెన్సిల్ చెక్కే చేతులు, తడిబట్ట పిండే చేతులు, తాళంచెవి తిప్పే చెయ్యి, ఇలా పన్నెండు బొమ్మలు. అన్నీ ఒకే సైజు, ఒకే బ్రష్, ఒకే వైపు నుంచి పడే వెలుగు. పని జరిగినంతకాలం ఇక్కడ రాస్తూ ఉంటాను, ముఖ్యంగా డిజిటల్ ఆర్ట్ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్ళ కోసం.

మా చిన్నాన్న కొడుకు ఈ మధ్యే పెన్ టాబ్లెట్ (కంప్యూటర్‌కి తగిలించి పెన్నుతో గీసే పలక) మీద వేయడం మొదలుపెట్టాడు. ‘‘అక్కా, రోజూ వేస్తున్నా, చెయ్యి మాత్రం తిరగడం లేదు. పోస్ట్ చేసినా ఎవరూ చూడట్లేదు’’ అన్నాడు. వాడి ఫోల్డర్ మొత్తం చూశాను. ఒక రోజు డ్రాగన్, మర్నాడు కారు, ఆ తర్వాత ఒక ముఖం, ఆపైన సూర్యాస్తమయం. ఒక్కోదానికి ఒక్కో బ్రష్, ఒక్కో స్టైల్, చాలావరకు సగంలో ఆగినవే. కష్టం దేన్లోనూ తక్కువ లేదు, కానీ నిన్న నేర్చుకున్నదాన్ని ఇవాళ మళ్ళీ వాడే అవకాశం ఏ బొమ్మా వాడికి ఇవ్వలేదు. చూసేవాళ్ళ సంగతీ అంతే, ఈ అబ్బాయి ఏం వేస్తాడో పట్టుబడకపోతే మళ్ళీ ఎందుకొస్తారు? నాకు తెలిసినంతలో వాడి రెండు బాధలకీ మందు ఒకటే. ఒక అంశం పట్టుకుని, ఒక సెట్ పూర్తయ్యేదాకా వదలకుండా, అది తయారయ్యే తీరు కూడా నలుగురికీ చూపిస్తూ వెయ్యాలి. చేతుల సిరీస్‌ని అందుకే ఇంత బహిరంగంగా చేస్తున్నాను.

చేతులే ఎందుకంటే, మోడల్ ఎప్పుడూ మనతోనే ఉంటుంది, అది మొదటి కారణం. ఇంకోటి, చేతిలో కొలతలు కాస్త తప్పినా బొమ్మలతో సంబంధం లేనివాళ్ళకి కూడా ఏదో తేడాగా ఉందని ఇట్టే తెలిసిపోతుంది. చాలామంది కొత్తవాళ్ళు చేతుల్ని జేబులో పెట్టించో, వీపు వెనక దాచో బొమ్మ ముగిస్తారు. అలా దాచుకుంటూ పోతే చేతులు వేయడం ఎన్నేళ్ళయినా రాదు.

ఇక సరంజామా. సాఫ్ట్‌వేర్ క్రిటా. ఉచితం, ఓపెన్ సోర్స్, ఇలాంటి పనికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. మీరు వాడేది ఫొటోషాప్ కావచ్చు, ప్రొక్రియేట్ కావచ్చు, క్లిప్ స్టూడియో పెయింట్ కావచ్చు, నేను రాసేదాంట్లో తొంభై పాళ్ళు వాటికీ వర్తిస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని వెతుకుతూ వారాలు గడిపేకంటే చేతికి అందినదాన్ని తెరిచి కూర్చోవడం మేలు.

టాబ్లెట్ స్క్రీన్ లేని మామూలు రకం. చెయ్యి బల్ల మీద, చూపు మానిటర్ మీద ఉంటుంది కాబట్టి మొదట్లో అందరికీ ఇబ్బందిగానే ఉంటుంది, కొన్ని వారాలకి అలవాటైపోతుంది. ఒక్క సెట్టింగ్ మాత్రం మొదటిరోజే చూసుకోండి. టాబ్లెట్ మీద పనిచేసే భాగం నిష్పత్తి, మానిటర్ నిష్పత్తి ఒకటిగా ఉండాలి. మానిటర్ 16:9 అయితే టాబ్లెట్ డ్రైవర్‌లోకి (టాబ్లెట్ సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) వెళ్ళి అక్కడ కూడా 16:9 పెట్టాలి. లేకపోతే చేత్తో గుండ్రంగా తిప్పిన సున్నా స్క్రీన్ మీద కోడిగుడ్డులా వస్తుంది, ఆ తేడాని మనకి తెలియకుండానే చెయ్యి సర్దుకోవడం మొదలుపెడుతుంది. పెన్ను డబ్బా మీద 8192 ప్రెషర్ లెవెల్స్ (ఎంత గట్టిగా నొక్కామో పెన్ను గుర్తించే మెట్లు) అని రాసి ఉంటే మురిసిపోనక్కర్లేదు, అంత సూక్ష్మమైన తేడాలు మన చేతికి తెలియవు. దానికంటే డ్రైవర్‌లో ఉండే ప్రెషర్ కర్వ్‌ని, అంటే ఎంత నొక్కితే ఎంత గీత రావాలో చెప్పే సెట్టింగ్‌ని, మీ చేతి బరువుకి తగ్గట్టు మార్చుకోవడం ముఖ్యం. గట్టిగా నొక్కితేనే ముదురు గీత వస్తోందంటే కర్వ్‌ని కాస్త మెత్తగా చేయండి, లేకపోతే సాయంత్రానికి మణికట్టు పీకుతుంది.

కాన్వాస్ 2400 × 3000 పిక్సెల్స్. ఈ అంకెలు ఊరికే పెట్టలేదు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, ఇది 8 × 10 అంగుళాల ప్రింట్ అవుతుంది, నిష్పత్తి 4:5 కాబట్టి ఇన్‌స్టాగ్రామ్ కోసం 1080 × 1350కి దించినా అంచులు కత్తిరించే పని ఉండదు. బొమ్మ చివరికి ఎక్కడికి వెళ్తుందో ముందే అనుకుంటే తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది.

జూన్, మూడో వారం

రంగు ఇంకా ముట్టుకోలేదు. గీతలు, ఆకారాలు, అంతే.

గీత వణుకుతోందని కొత్తవాళ్ళు చాలామంది అంటుంటారు. వాళ్ళు గీస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూస్తే కారణం తెలిసిపోతుంది: బాగా జూమ్ చేసి, మణికట్టు మాత్రమే కదుపుతూ, నత్తనడకన గీస్తారు. జూమ్ తగ్గించండి. పొడవు గీతలకి మోచేయి, భుజం కదలాలి. పెన్ను ఆనించకముందే గాల్లో అదే దారిలో ఒకట్రెండుసార్లు ఆడించి, తర్వాత ఒక్క ఊపులో గీయండి. గీతలో వణుకుని సాఫ్ట్‌వేరే సర్దే స్టెబిలైజర్ వాడొచ్చు, తప్పేం లేదు, క్రిటాలో వెయిటెడ్ స్మూతింగ్ కొద్దిగా పెడితే చాలు. మరీ ఎక్కువ పెడితే గీత చెయ్యి కంటే వెనకబడి వస్తుంది, అందులో మీ చేతి వేగం, మీ తీరు ఏమీ మిగలవు.

అన్‌డూ గురించి తమ్ముడితో ఒక ఒప్పందం పెట్టుకున్నాను. ప్రాక్టీస్ పేజీల్లో అన్‌డూ లేదు. గీత పక్కకి పోతే దానిమీదే ఇంకో గీత. మొదటి గీత అక్కడే కనిపిస్తుంటే రెండోది ఎటు సవరించాలో కన్ను చెప్తుంది. చెరిపేస్తే ఆ ఆధారం పోతుంది, మళ్ళీ అదే గీత అలాగే వస్తుంది.

ఇక చేతి నిర్మాణం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఒక్క చేతిలో 27 ఎముకలు: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. బొటనవేలికి రెండే, మిగతా నాలుగు వేళ్ళకి మూడేసి. ఈ లెక్క తెలిస్తే వేలు ఎక్కడ వంగుతుందో ఊహించాల్సిన పనిలేదు. వేళ్ళని కదిలించే కండరాలు వేళ్ళలో ఉండవు, అరచేతిలోనూ ముంజేతిలోనూ ఉంటాయి. అందుకే తడిబట్ట పిండే బొమ్మలో అసలు బలం కనిపించాల్సింది వేళ్ళలో కాదు, ముంజేతి మీద లేచే నరాల్లాంటి స్నాయువుల్లో. ఈ ఒక్క సంగతి తెలిశాక ఆ బొమ్మ ఫ్రేమ్‌ని మణికట్టు దగ్గర కాకుండా మోచేయి దాకా పెంచాను.

ఇంకొకటి. మీ చెయ్యి వెనకవైపు చూసుకోండి, తర్వాత అరచేతి వైపు తిప్పండి. వెనకనుంచి వేళ్ళు పొడుగ్గా, అరచేతి వైపునుంచి పొట్టిగా కనిపిస్తాయి. వేలు నిజంగా మొదలయ్యేది పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపు దగ్గర. అరచేతి వైపు మాత్రం వేళ్ళ మధ్య చర్మం ఆ కణుపుకి చాలా పైదాకా కప్పేసి ఉంటుంది. కొత్తవాళ్ళ చేతులు దువ్వెన పళ్ళలా రావడానికి ముఖ్య కారణం ఇదే, వేళ్ళన్నీ ఒకే తిన్నని గీత మీద మొదలుపెడతారు. నిజానికి ఆ కణుపులు ఒక వంపు మీద ఉంటాయి, తర్వాతి వరస కణుపులూ ఇంకో వంపు మీద ఉంటాయి.

నేను వేసే వరస ఇది: ముందు అరచేయి ఒక పలచటి పెట్టె, బొటనవేలి మొదట్లో ఉండే గుబ్బ ఒక విడి ముద్ద, నాలుగు వేళ్ళూ కలిపి ఒకే చేతితొడుగులాంటి ఆకారం. ఆ ఆకారం సరిగ్గా కుదిరాకే దాన్ని వేళ్ళుగా విడదీస్తాను. గోళ్ళు చివర్న. ముందే గోళ్ళు వేసి మురిసిపోతే తర్వాత వేలు తప్పుగా ఉందని తెలిసినా చెరపబుద్ధి కాదు.

పెట్టెలూ స్థూపాలూ అభ్యాసం చేయాలంటే డ్రాఅబాక్స్ అనే వెబ్‌సైట్‌లో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. అందులో నాకు బాగా నచ్చిన నియమం, వేసే సమయంలో సగం మీకిష్టమైన బొమ్మలకే ఇవ్వాలన్నది. మిగతా సగమే పాఠాలకి. వట్టి పెట్టెలు గీస్తూ కూర్చుంటే బొమ్మల మీద ఇష్టమే పోతుంది, కాబట్టి ఇది నిజంగా పాటించాల్సిన నియమం.

జూలై మొదలు

రిఫరెన్స్ ఫొటోలు, అంటే చూసి వేయడానికి తీసుకునేవి, పూర్తయ్యాయి. అన్నీ నా చేతులూ ఇంట్లోవాళ్ళ చేతులూ. ఒక్క టేబుల్ ల్యాంప్ ఎడమవైపు పైన, గదిలో మిగతా లైట్లన్నీ ఆపి. రెండు మూడు వైపుల నుంచి వెలుగు పడితే నీడలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, ఆకారం చదవడం కష్టం.

ఫోన్‌తో తీసేటప్పుడు దగ్గరికి వెళ్ళకండి. దగ్గరగా తీస్తే ముందున్న వేలు లావుగా, వెనకున్న మణికట్టు సన్నగా వస్తాయి, ఆ వికారాన్ని నిజమనుకుని మనం శ్రద్ధగా కాపీ చేస్తాం. రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేస్తే ఆకారం నిలబడుతుంది.

వేరేవాళ్ళ ఫొటో వాడాలనుకుంటే లైసెన్స్ చూడండి. క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల్లో సీసీ జీరో అని ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు, సీసీ బై అని ఉంటే తీసినవాళ్ళ పేరు రాయాలి. ఎక్కడో దొరికిన ఫొటోని ఉన్నదున్నట్టు చిత్రించి సొంత బొమ్మగా పెట్టడం ఎవరికీ మంచిది కాదు, ఫొటో తీసినవాళ్ళ కష్టమూ కష్టమే. ట్రేసింగ్ మాత్రం చదువు కోసం చేయొచ్చు, ఎముకలెక్కడున్నాయో తెలుసుకోవడానికి ఫొటో మీద పెట్టెలు గీసుకోవడం చాలా మంచి అభ్యాసం. ఆ పేజీలు మన దగ్గరే ఉంచుకుంటే సరి.

పాత గురువుల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయని చాలామందికి తెలియదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3,75,000కి పైగా ఫొటోలని సీసీ జీరో కింద ఇచ్చేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం అయితే బ్రష్ గీతలు లెక్కపెట్టగలిగేంత పెద్ద ఫైళ్ళు ఇస్తుంది. అక్కడ డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1628 ప్రాంతంలో, కుర్రతనంలో వేసుకున్న స్వీయచిత్రం ఒకటుంది. ముఖంలో ఎక్కువభాగం నీడలోనే ఉంటుంది, కళ్ళు దాదాపు కనిపించవు. వెలుగు చెంప మీద, చెవి తమ్మె మీద, మెడ మీద మాత్రమే. అయినా మనిషి మనల్నే చూస్తున్నట్టుంటుంది. తడి రంగుని బ్రష్ వెనక కొసతో గీరి జుట్టు రింగులు తీశాడు. ఈ వారం ఆ బొమ్మని మూడే షేడ్లలో, చిన్న సైజులో స్టడీ చేశాను. ఎంత దాచొచ్చో ఈ బొమ్మ నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు.

ఆ పాఠాన్నే చేతుల థంబ్‌నెయిల్స్‌కి వాడుతున్నాను. ఒక్కో బొమ్మకి అగ్గిపెట్టె సైజులో నాలుగైదు చిన్న కూర్పులు, ముదురు, మధ్యరకం, లేత అని మూడే షేడ్లు. ఆ సైజులోనే ఏం జరుగుతోందో తెలియకపోతే పెద్ద కాన్వాస్ మీద ఎన్ని గంటలు కూర్చున్నా తెలియదు. పైగా ఫోన్‌లో స్క్రోల్ చేసేవాళ్ళు మీ బొమ్మని మొదట చూసేది ఆ సైజులోనే. నేర్చుకోవడం, నలుగురి కంట్లో పడడం రెండూ ఒక్కటయ్యే చోటు ఇది.

జూలై చివర

మూడు బొమ్మల్లో వెలుగునీడలు పూర్తి.

ఈ పనిలో రెండు చిన్న అలవాట్లు నాకు బాగా ఉపయోగపడతాయి. ఒకటి, లేయర్లన్నిటికీ (బొమ్మలో ఒకదానిమీద ఒకటి ఉండే పొరలు) పైన ఒక నల్ల లేయర్ పెట్టి దాని బ్లెండ్ మోడ్, అంటే కింది పొరలతో అది కలిసే తీరు, ‘కలర్’ అని మార్చడం. అది ఆన్ చేస్తే బొమ్మంతా బూడిద రంగులో కనిపిస్తుంది, రంగుల మెరుపులో దాక్కున్న లోపాలన్నీ బయటపడతాయి. రెండోది క్రిటాలో ఎం కీ. నొక్కితే కాన్వాస్ అద్దంలోలా తిరగబడుతుంది, ఫైల్ మారదు, చూపు మాత్రమే మారుతుంది. పది నిమిషాలకోసారి నొక్కుతాను. కుడివైపుకి ఒరిగిపోయిన వేళ్ళు తిప్పి చూడగానే తెలిసిపోతాయి.

నీడలో ఉన్న భాగంలోకి ఎదుటి వస్తువు మీంచి వచ్చే వెలుగు, రిఫ్లెక్టెడ్ లైట్ అంటారే, అది చూడ్డానికి భలే ఉంటుంది, అందుకే అందరం దాన్ని ఎక్కువ చేస్తాం. అది ఎంతున్నా వెలుగు వైపున్న అతి ముదురు షేడ్ కంటే ముదురుగానే ఉండాలి. ఈ గీత దాటితే వేలు వేలులా ఉండదు, మెరిసే గొట్టంలా ఉంటుంది.

రంగుల దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు ‘‘చర్మానికి ఏ కోడ్ వాడాలక్కా?’’ అని అడిగాడు. కోడ్ అంటూ ఏదీ లేదు. అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ రంగుని మూడు కొలతలుగా విడదీశాడు: ఏ రంగు, ఎంత లేత లేదా ముదురు, ఎంత గాఢం. చర్మం వేసేటప్పుడు ఈ మూడూ ఒక్క చేతిలోనే చోటుచోటుకీ మారుతుంటాయి. కణుపుల దగ్గర, వేలి కొసల్లో ఎరుపు కాస్త ఎక్కువ. వేళ్ళ మధ్యనుంచి ల్యాంప్ వెలుగు దూరి వస్తే అంచుల్లో ఎర్రగా వెలుగుతుంది, ఎందుకంటే చర్మం లోపలికి వెళ్ళిన వెలుగు లోపలే చెదిరి, ఎరుపుతో బయటికొస్తుంది. వెలుగు నీడలోకి మారే సన్నటి అంచులోనూ అదే వెచ్చదనం ఉంటుంది. నీడ కావాలని మూల రంగులో నలుపు కలిపితే చర్మం చచ్చిపోయినట్టుంటుంది. రంగుని కాస్త పక్కకి జరిపి ముదురు చేయాలి. నేను సిరీస్ మొత్తానికి ఐదు రంగుల చిన్న పాలెట్ పెట్టుకున్నాను, దాంట్లోంచే అన్నీ కలుపుతున్నాను. పన్నెండూ పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే ఇంటివాళ్ళలా కనిపించాలంటే ఇదే దారి.

బ్రష్ ఒక్కటే, క్రిటాతో వచ్చే గట్టి అంచు ఉన్న గుండ్రటి బ్రష్. బ్రష్ ప్యాకులు అడిగేవాళ్ళకి నా సమాధానం ఇదే. మెత్తటి ఎయిర్‌బ్రష్‌తో మొదలుపెడితే ప్రతిదీ మసకమసకగా కలిసిపోతుంది, ఈ తలం ఎక్కడ ముగిసి ఇంకో తలం ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోవాల్సిన కష్టం తప్పించుకుంటాం. గట్టి అంచు బ్రష్ ఆ నిర్ణయం మన చేత తీసుకునేలా చేస్తుంది.

ఫైళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. కంట్రోల్ ఆల్ట్ ఎస్ నొక్కితే క్రిటా కొత్త నంబరుతో ఇంకో కాపీ సేవ్ చేస్తుంది. ప్రతి దశ చివరా అదే చేయండి. ఇంకో కాపీ ఈ కంప్యూటర్ కాని వేరేచోట ఉండాలి. మణికట్టు నొప్పి వస్తే ఆపేయండి, ఓర్చుకుని వేయొద్దు. ఇరవై నిమిషాలకోసారి కళ్ళు దూరంగా చూసేలా లేవండి.

ఆగస్టు

సగం బొమ్మలు అయ్యాయి, ఈ నెలంతా చూపించే పని.

కొందరు అన్నీ అయ్యాక ఒకేసారి పెడదామంటారు. నేను ఒప్పుకోను. పూర్తయిన బొమ్మ ఒక్కటే పెడితే చూసినవాళ్ళు ‘బాగుంది’ అని వెళ్ళిపోతారు. థంబ్‌నెయిల్, పెట్టెల దశ, బూడిద రంగు దశ, చివరి బొమ్మ అన్నీ ఒకే పోస్టులో వరసగా పెడితే ఆగి చూస్తారు, అడుగుతారు, సాటి ఆర్టిస్టులు సేవ్ చేసుకుంటారు. క్రిటా 5.0 నుంచీ రికార్డర్ డాకర్ అనే చిన్న ప్యానెల్ ఉంది, ఆన్ చేసి మర్చిపోతే చాలు, చివర్లో బొమ్మ తయారైన తీరంతా టైమ్‌ల్యాప్స్ వీడియోగా ఇస్తుంది. విడిగా స్క్రీన్ రికార్డింగ్ అక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలన్నది మీకు ఎవరు కావాలో దాన్నిబట్టి ఉంటుంది. గేములు, సినిమాల కాన్సెప్ట్ ఆర్ట్ పని కోరుకునేవాళ్ళు ఆర్ట్‌స్టేషన్‌లో ఉండాలి, పనిచ్చేవాళ్ళు అక్కడే వెతుకుతారు. పుస్తకాల బొమ్మలు, డిజైన్ వైపు వెళ్ళాలంటే బిహాన్స్. మామూలు జనం, తోటి ఆర్టిస్టులు ఇన్‌స్టాగ్రామ్‌లో. అన్నిచోట్లా ఉండాలని పరుగులు తీస్తే వేసే సమయం పోతుంది, పోర్ట్‌ఫోలియోకి ఒకటి, మాటామంతీకి ఒకటి చాలు. వీటితోపాటు పేరు, పది బొమ్మలు, ఈమెయిల్ మాత్రమే ఉన్న సొంత పేజీ ఒకటి. వేరేవాళ్ళ వేదికలు నియమాలు మార్చుకుంటూనే ఉంటాయి, ఆ పేజీ మాత్రం మీ చేతిలో ఉంటుంది. ఈమెయిల్ పెట్టడం మర్చిపోయే ఆర్టిస్టులు ఎంతమందో! పని ఇద్దామనుకున్నవాళ్ళకి దారి దొరక్కపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్తారు.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ (ఎక్కువ స్క్రీన్లు పాటించే రంగుల ప్రమాణం) ప్రొఫైల్‌లోనే చేయండి, లేకపోతే మీ మానిటర్‌లో వెచ్చగా ఉన్న చర్మం ఇంకొకరి ఫోన్‌లో పాలిపోయి కనిపిస్తుంది. ముందు సైజు తగ్గించి, తర్వాత చాలా కొద్దిగా షార్పెన్ చేసి, ఫోన్‌లో మధ్యస్థ వెలుతురులో ఒకసారి చూసుకుని అప్పుడు పెట్టండి. ప్రింట్ సైజు ఫైల్ మాత్రం ఎక్కడా పెట్టొద్దు. సంతకం బొమ్మ లోపల, కత్తిరిస్తే బొమ్మ పాడయ్యే చోట చిన్నగా ఉంటే చాలు. బొమ్మ మధ్యలో అడ్డంగా పెద్ద వాటర్‌మార్క్ వేస్తే దొంగతనం సంగతేమో గానీ చూసేవాళ్ళకి మాత్రం బొమ్మ కనిపించదు. చూపులేనివాళ్ళ కోసం ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మకి జోడించే మాటల వర్ణన) రెండు వాక్యాలు రాయండి, ‘ముసలి చేతులు సూదిలో దారం ఎక్కిస్తున్నాయి, వెలుగు ఎడమవైపునుంచి’ అని. అది కూడా మన పనే.

ఫీడ్‌బ్యాక్ అడిగే తీరు గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘సూపర్’ అనే వస్తుంది, అది మర్యాద, అంతే. సూది బొమ్మ పెట్టినప్పుడు నేను అడిగింది ‘సూదిని వేళ్ళు నిజంగా పట్టుకున్నట్టుందా, ఊరికే తాకినట్టుందా?’ అని. ఏళ్ళుగా ఇలస్ట్రేషన్ చేస్తున్న ఒకాయన రాశారు: ‘‘అమ్మా, గట్టిగా నొక్కినప్పుడు వేలి కొస చదునవుతుంది, గోరు కింద రంగు తెల్లబడుతుంది. ఆ రెండూ వెయ్యండి.’’ వేసి చూశాను. బొమ్మ మొత్తం బిగువు మారిపోయింది. సరైన ప్రశ్నకి ఇలాంటి జవాబు దొరుకుతుంది, దానికోసం వేలమంది ఫాలోయర్లు అవసరం లేదు, శ్రద్ధగా చూసే పదిమంది చాలు.

ఆ పదిమంది ఎలా దొరుకుతారు? వాళ్ళ బొమ్మలు మీరు ముందు చూడాలి. మీ స్థాయిలో ఉన్నవాళ్ళు, మీకంటే రెండడుగులు ముందున్నవాళ్ళు కొందరిని ఎంచుకుని వాళ్ళ బొమ్మల్లో ఏం నచ్చిందో విడమరిచి రాయండి. ‘ఈ నీడ అంచు ఇక్కడ గట్టిగా, అక్కడ మెత్తగా వదిలారు, అందుకే చెంప గుండ్రంగా అనిపిస్తోంది’ అని రాస్తే ఆ మనిషి మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు, పైగా అలా రాయాలంటే మీరు నిజంగా చూడాలి కాబట్టి మీ కన్ను కూడా పదునెక్కుతుంది. తమ్ముడు ఇది మొదలుపెట్టాక వాడి బొమ్మల కింద కూడా మాటలు కనిపిస్తున్నాయి. వాడు ఇప్పుడు పాత గడియారాల సిరీస్ వేస్తున్నాడు, డ్రాగన్లని ఆదివారాలకి పెట్టుకున్నాడు.

లైకుల లెక్క చూసి టెన్షన్ పడేవాళ్ళకి: వాటిని నెలకోసారి చూడండి, అదీ ఏ బొమ్మ దగ్గర జనం ప్రశ్నలు అడిగారో తెలుసుకోవడానికి. నా సిరీస్‌లో అందంగా ఉందని నేననుకున్న తాళంచెవి కంటే పెన్సిల్ చెక్కే బొమ్మ దగ్గరే ఎక్కువమంది ఆగారు, ఎందుకంటే దాంట్లో చెక్కు పొట్టు గాల్లో ఉన్న క్షణం ఉంది. ఇది నాకు తర్వాతి కూర్పులకి పనికొచ్చే సమాచారం.

సెప్టెంబర్

పన్నెండూ పూర్తయ్యాయి. పోర్ట్‌ఫోలియోలోకి వెళ్ళేవి మాత్రం ఎనిమిదే. పనిచ్చేవాళ్ళు పోర్ట్‌ఫోలియో తిరగేసేటప్పుడు అన్నిట్లోకీ బలహీనమైన బొమ్మ దగ్గర అనుమానపడతారు, నాకు పని ఇస్తే ఆ స్థాయిలో వస్తుందేమోనని. అందుకే మిగతా నాలుగూ ప్రాసెస్ పోస్టుల్లోనే ఉంటాయి. అన్నిట్లోకీ గట్టి బొమ్మ మొదట, దాని తర్వాతి గట్టిది చివర పెట్టాను, కవర్‌గా సూది బొమ్మ.

సిరీస్ చూసి పని అడుగుతూ మెసేజీలు వస్తున్నాయి, వాటిలో అసలువీ ఉన్నాయి, మోసాలూ ఉన్నాయి. కొత్తవాళ్ళు జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. మీరు అడిగినదానికంటే ఎక్కువ డబ్బు పంపి ‘పొరపాటున ఎక్కువ వెళ్ళింది, మిగతాది తిరిగి పంపండి’ అంటారు. మీరు పంపాక మొదటి చెల్లింపు రద్దయిపోతుంది. ‘మీ ఖాతా అప్‌గ్రేడ్ చేస్తేనే డబ్బు జమవుతుంది’ అని ముందు మీ దగ్గరే ఫీజు అడుగుతారు. ‘మీ బొమ్మ చూసి ముగ్ధులమైపోయాం’ అంటూ ఏ బొమ్మో, ఏ సైజో, ఎందుకో ఒక్క ముక్క చెప్పకుండా ముందే పెద్ద మొత్తం మాట్లాడతారు. నిజంగా పని కావాల్సినవాళ్ళు ముందు బొమ్మ గురించి మాట్లాడతారు, గడువు అడుగుతారు. డబ్బులు ఇవ్వం గానీ నలుగురికీ తెలుస్తారు అనేవాళ్ళకి మర్యాదగా వద్దని చెప్పండి. నలుగురికీ తెలిసే పని మీ సిరీస్ చేస్తోంది, అది మీ సొంత పని, దాని హక్కులన్నీ మీవే.

అసలైన పని వచ్చినప్పుడు నేను పంపే మెసేజ్ చిన్నదే, కానీ అందులో ఇవన్నీ ఉంటాయి: బొమ్మ సైజు, దేనికి వాడతారు, సగం మొత్తం ముందుగా, స్కెచ్ దశలో రెండు సవరణలు ఉచితం, రంగు మొదలయ్యాక మార్పులకి విడిగా, నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే హక్కు నాది, పెద్ద ఫైల్ మిగతా సగం అందాకే. పరిచయస్తులతో కూడా ఇది రాతలోనే ఉండాలి, పరిచయస్తులతో అయితే ఇంకా తప్పక ఉండాలి, ఎందుకంటే వాళ్ళతో డబ్బు దగ్గర మాట పెంచలేం.

అక్టోబర్ వస్తోంది కాబట్టి ఇంక్‌టోబర్ గురించి అడుగుతున్నారు. జేక్ పార్కర్ 2009లో మొదలుపెట్టిన సవాలు ఇది, నెలంతా రోజుకో ఇంకు బొమ్మ. చేయండి, కానీ రోజుకో కొత్త విషయం మీదకి దూకకుండా, ప్రతి రోజు మాటనీ మీ ఒకే అంశంలోకి లాక్కోండి. తమ్ముడు అన్ని రోజులూ గడియారాలే వేస్తానంటున్నాడు. రోజూ పూర్తి బొమ్మ అవసరం లేదు, అరచేతి సైజు స్కెచ్ చాలు.

నా తర్వాతి సిరీస్ పాదాలు. కాన్వాస్ మళ్ళీ 2400 × 3000, బ్రష్ అదే, ఈసారి వెలుగు కింది నుంచి. రిఫరెన్స్ ఫొటోలు తీయడం ఈ శనివారం మొదలవుతుంది, థంబ్‌నెయిల్స్ అయిన వెంటనే ఇక్కడ పెడతాను. ఏ కూర్పు బలంగా ఉందో, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి.